పంతొమ్మిదో నంబరు

ఉత్తరం వచ్చిన పూట లీదియా పెరట్లో పేలికలు ఉడకబెడుతోంది. అవి గాయాలకు కట్టి విప్పిన పాత చీరముక్కలు. చీమూ పసరూ నెత్తురూ కలిసి గట్టిపడిన ఆ గుడ్డలు డేగిసాలో పైకి తేలినప్పుడల్లా కర్రతో లోపలికి తోస్తూ, వాసన తగలకుండా ముక్కుకు కొంగు కట్టుకుని, ఆ కొంగు చాటునే కూనిరాగం తీస్తోంది. పెళ్ళయి పది నెలలైంది. ఈ పది నెలల్లో ఆమెకు నవ్వు రాని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. దడి మీద తోక ఎగరేసే ఉడతను చూసినా నవ్వే, కాలేజీ రోజుల నాటి పెన్నులో సిరా నింపేటప్పుడు వేళ్ళకు నీలం అంటినా నవ్వే, నీళ్ళ కుండ కింది ఇసుకలో ఎక్కడినుంచో పడి మొలిచిన జొన్న మొలకను చూసినా నవ్వే. "నీకు నవ్వడానికి కారణం అక్కర్లేదు లీదియా" అని భర్త రాజరత్నం ఒకసారి అంటే ఆ మాటకూ నవ్వింది.

అతను ఆసుపత్రి నుంచి చెప్పులు లేకుండా వచ్చాడు. ఆసుపత్రికీ ఇంటికీ నడుమ ఒక్క గోడే అడ్డం, అయినా డాక్టరు పరుగెత్తడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చేతిలో పొడుగాటి కవరు ఉంది. "ఒప్పుకున్నారు" అన్నాడు. భుజం పట్టుకోబోయి, వసారాలో చింతకాయలు కొడుతున్న తల్లి అన్నమ్మను చూసి చెయ్యి దించుకున్నాడు. తర్వాత ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరాన్ని తల్లికి అర్థమయ్యేలా తెలుగు చేసుకుంటూ నిలబడే చదివాడు. వీళ్ళు కిందటి అక్టోబరులో ఎండబెట్టి పంపిన ఆకును మద్రాసు పరిశోధనాలయంలో కుందేళ్ళ మీద పరీక్షించారు. ఆకు వేసిన గాయాలు, వేయని గాయాల కంటే సగం రోజుల్లోనే మూసుకున్నాయి. డాక్టరుగారు మనుషుల మీద చేసిన పరీక్షల పుస్తకం చూసిపోవడానికి గురువారం పొద్దున రైలుకు ఒక ఆఫీసరు గిద్దలూరు స్టేషనుకు వస్తున్నాడు. పుస్తకం సరిగా ఉంటే వ్యాసం అచ్చవుతుంది. ఆకును ఎలా వాడాలో ఒక కరపత్రం వేసి మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా చిన్న ఆసుపత్రులకు పంచుతారు. డాక్టరుగారిని ఒక ఏడాది పాటు మద్రాసుకే పిలిపించుకుంటారు.

లీదియాకు మిగతావన్నీ వెనక్కి పోయి మద్రాసు ఒక్కటే వినపడింది. మద్రాసులో ఆమె బి.ఏ. చదివింది. అక్కడ కుళాయి తిప్పితే గోడలోంచి నీళ్ళు వస్తాయి. సాయంత్రం సముద్రం మీదినుంచి వచ్చే గాలికి పుస్తకం పేజీలు వాటంతట అవే తిరిగిపోతాయి. "నువ్వు మళ్ళీ చదువుకోవచ్చు" అన్నాడు రాజరత్నం, ఆమె మనసులో మాట చదివినట్టు. ఆమె కర్ర పారేసి, తడిచేతులతోనే రోలు చుట్టూ గిరగిరా తిరిగింది. అన్నమ్మ చింతకాయల రాయి పక్కన పెట్టి, ఉన్నచోటనే మోకాళ్ళూని ప్రార్థన చేసింది. ఆమె భర్త శాంతయ్య ఊళ్ళు తిరిగి దేవుని వాక్యం చెప్పిన మనిషి, కొడుకు డాక్టరు కావడం చూడకుండానే పోయాడు. ప్రార్థన అయ్యాక లేచి, "అమ్మాయ్, ఆ గుడ్డలు తర్వాత చూసుకుందువు. బెల్లం దంచు. బిడ్డ నోరు తీపి చేయాల" అంది. బిడ్డ అంటే రాజరత్నం. లీదియా నవ్వుకుంటూ పోయి బెల్లం దంచింది.

అసలు ఈ ఆకు సంగతి మొదలైంది లీదియా వల్ల. కాపురానికి వచ్చిన రెండో నెలలో, ఊరి చివర గొర్రెలదొడ్డి దగ్గర గోవిందమ్మ అనే గొల్ల ముసలమ్మ చిరుతపులి చీల్చిన గొర్రె తొడకు ఏదో ఆకు నూరి పట్టించడం చూసింది. నాలుగో రోజు పోయి చూస్తే గొర్రె మేతకు పోయింది. అదేం ఆకు అవ్వా అని అడిగితే ముసలమ్మ పేరు చెప్పలేదు. పేరు పలికితే పసరులో బలం పోతుందట. నల్లమలలోకి ఒక్కతే పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా కోసి, నూరి తెస్తుంది. తాతల నాటినుంచీ అంతేనట. లీదియా ఆ సంగతి రాత్రి భోజనాల దగ్గర కథలా చెబితే రాజరత్నం తినడం ఆపి విన్నాడు. పరీక్షిద్దాం అన్నాడు. ఎలా పరీక్షించాలో అతనికి తెలియలేదు, ఆమెకు తెలుసు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన టీచరు రెండు మళ్ళు పక్కపక్కనే వేయించి, ఒకదానికి ఎరువు వేసి, ఒకదానికి వేయకుండా మొక్కల పొడుగు కొలిపించేది. అట్లాగే చేద్దాం అంది లీదియా. వచ్చిన గాయాలకు వరసగా నంబర్లు వేద్దాం. ఒకటి, మూడు, అయిదు ఆకుకు. రెండు, నాలుగు, ఆరు ఆసుపత్రి మందుకు. మనం ఏరుకోకూడదు, వరసే చెప్పాలి. అతను ఆమెను చూసిన చూపు ఆమెకు ఎన్నాళ్ళో గుర్తుండిపోయింది. పెళ్ళిలో కూడా అట్లా చూడలేదు.

ఆ తర్వాత ఇంట్లో పని రెండింతలైంది. అదెవరి పనో ఎవరూ మాట్లాడుకోలేదు. ఆడవాళ్ళు మగ డాక్టరుకు కాళ్ళు, తొడలు చూపించరు, అందుకని ఆడవాళ్ళ గాయాలన్నీ పెరటి వసారాకు వచ్చేవి. కడగడం, కట్టడం, మర్నాడు విప్పి దారంతో గాయం కొలవడం, రాయడం, పేలికలు ఉడకబెట్టడం, ఆకు నీడన ఆరబోయడం, కోళ్ళు తొక్కకుండా కాపలా కాయడం, ఇవన్నీ చేసుకుంటూనే మూడు పూటలా వంట. "బి.ఏ. చదివిన కోడలంటే ఏందో అనుకొన్నా. చాకిరేవు పెట్టింది ఇంట్లో" అని అన్నమ్మ బావి దగ్గర పదిమందిలో అంది. లీదియా ఆ మాట రాజరత్నానికి అభినయించి చూపించి నవ్వించింది. ఆమెకు అది చాకిరీ అనిపించలేదు. నోటుబుక్కు ఉంది కదా. నల్ల అట్ట, పేజీకి ఒక మనిషి, పైన నంబరు. గాయం బాగా మూసుకున్న రోజు పేజీ అంచున ఒక చిన్న ఉడత బొమ్మ గీసేది. నలభై నాలుగు పేజీల్లో ఉడతలు చాలానే ఉన్నాయి.

గోవిందమ్మ ఆకు తెచ్చి గడప ముందరి బండ మీద పెట్టి మూడడుగులు వెనక్కి జరిగేది. వీళ్ళు కిరస్తానం వాళ్ళు, అంతకు ముందు ఏమిటో ఊరందరికీ తెలుసు. ఆమె ఈ ఇంట మంచినీళ్ళు తాగదు, ఈ చేతులకు తన చేయి తగలనివ్వదు. వసారా కింద నిలబడి, చేతికర్రతో చూపిస్తూ "ఇంగ కొంచెం మందంగా పెట్టు పాపా, అంచు దాకా పూయి" అని చెప్పేది. పెట్టే చేయి ఎప్పుడూ లీదియాదే. లీదియాకు ఆ దూరం మీద కోపం కూడా వచ్చేది కాదు. ఏదో ఒకనాటికి ఈ ముసలమ్మ మన వసారా ఎక్కి కూర్చుంటుంది చూడండి అనేది రాజరత్నంతో.

ఉత్తరం వచ్చిన ఆ మంగళవారం సాయంత్రం, పాయసం తిన్నాక, రాజరత్నం వ్యాసం చిత్తుప్రతి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నోటుబుక్కు పసరు మరకలతో ఉంది, ఆఫీసరు చేతికి అట్లా ఇస్తే బాగుండదు, కొత్త పుస్తకంలో నీ చక్కని దస్తూరీతో శుభ్రంగా ఎత్తి రాయాలి, బుధవారం చీకటి పడేలోగా అయిపోవాలి అన్నాడు. ఆమె సరే అని, వ్యాసం తిరగేసింది. పైన అతని పేరు. ఆకుకు అతను పుస్తకాలు వెతికి పట్టుకున్న లాటిన్ పేరు. "స్థానిక గొల్లస్త్రీ ఒకతె ఈ మూలికను మొరటుగా వాడుచుండగా రచయిత గమనించెను." ఇంకో చోట, "ఆకు ఎండబెట్టుట మొదలగు పనులలో ఇంటివారు తోడ్పడిరి." ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని లీదియా తనలో తాను తెలుగు చేసుకుని రెండుసార్లు చదివి, "ఇంటివారంటే నేనూ కోళ్ళూనా" అని నవ్వింది. అతనూ నవ్వాడు. అట్లా రాయడం ఆనవాయితీ అన్నాడు. ఆమెకు లోపల ఎక్కడో ముల్లు గుచ్చినట్టయింది గానీ మద్రాసు గుర్తొచ్చి మరిచిపోయింది.

అప్పుడే అతను, ఏదో చిన్న సంగతి గుర్తొచ్చినట్టు, "పంతొమ్మిదో నంబరు నాలుగో రోజు దాకా రాయి చాలు" అన్నాడు.

ఆమె తలెత్తింది. నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది.

"నాలుగో రోజుకు గాయం మానిందా లేదా?" అన్నాడతను.

"మానింది."

"నువ్వే రాసినావు గదా, పూర్తిగా మూసుకుందని."

"రాసినాను."

"మరి అక్కడ ఆపు. తర్వాత వచ్చింది ధనుర్వాతం. అది వేరే జబ్బు. మనం చూసింది గాయం మానుతుందా లేదా అని. మనిషి బతుకుతుందా లేదా అని కాదు."

అతను ఆ మాట కటువుగా అనలేదు. పిల్లలకు లెక్క విడమరిచి చెప్పినట్టు మెల్లగా అన్నాడు. ఆమె మళ్ళీ కాగితాలు తిరగేసింది. వ్యాసం చివర పట్టిక చూసింది. ఆకు వేసినవి ఇరవై రెండు. మానినవి ఇరవై ఒకటి. మానని ఆ ఒక్కటీ కట్టు విప్పి పారేసుకున్న ఒక తాగుబోతుది. అంటే పంతొమ్మిదో నంబరు మానిన వాళ్ళలో ఉంది. చనిపోయిన మనిషిని బాగైన వాళ్ళలో కలిపేశాడు.

పంతొమ్మిదో నంబరు చెంచులక్ష్మి. కూలిమనిషి, ఇరవై రెండేళ్ళుంటాయి. దడికి కంప నరుకుతుంటే పాత తుమ్మముల్లు అరికాల్లో వేలెడు లోతున దిగింది. ముల్లు లాగేసుకుని, రెండేళ్ళ కూతురిని చంకనేసుకుని, కుంటుకుంటూ నవ్వుతూ వచ్చింది. కొంగులో నాలుగు సీతాఫలాలు తెచ్చింది, డాక్టరమ్మకని. వాటిలో ఒకటి అక్కడే పగలగొట్టి, గింజ ఎంత దూరం ఊయగలదో చూపించింది. లీదియా కూడా ఊసింది. ఇద్దరూ పోటీపడి ఊస్తుంటే పాప చప్పట్లు కొట్టింది. ఆ పోటీలో చెంచులక్ష్మి గెలిచింది. లీదియా నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ పుస్తకం తెరిచి, నంబరు చూసింది. పంతొమ్మిది. ఆకు.

వసారా కింద గోవిందమ్మ ఉంది. కర్ర అడ్డం పెట్టింది. "దీనికి వద్దు పాపా. ముల్లు దిగిన గాయానికి నా ఆకు ఎయ్యగూడదు. ఆకుకు కోపమొస్తది. కోసి ఇడువు, మీ మందే పొయ్యి." లీదియా లోపలికి పోయి అడిగింది. రాజరత్నం ఎవరికో పన్ను పీకుతూ, తల తిప్పకుండా, వరస ఏం చెబితే అదే, మనం ఏరుకోకూడదని నువ్వే కదా అన్నావు అన్నాడు. నిజమే, ఆమే అంది. తిరిగొచ్చి పసరుముద్ద చేతిలోకి తీసుకుని వంగింది. అప్పుడు గోవిందమ్మ వసారా మెట్టెక్కి, ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

ఆ క్షణం లీదియాకు ఎంతో బాగా గుర్తుంది. అదే ఆమెను ఇప్పుడు కాలుస్తోంది. ముసలమ్మ చేయి తన చేతి మీద ఉంది. గరుకుగా, వేడిగా, గొర్రెల వాసనతో. ఇన్నాళ్ళ దూరం, ఆ మూడడుగులు, అన్నీ మరిచి పట్టుకుంది. ఆ సంతోషంలో లీదియా గుండె పొంగిపోయింది. పట్టుకున్న చేతినే చూస్తూ ఉండిపోయింది గానీ, అది ఎందుకు పట్టుకుందో వినలేదు. సాయంత్రం అతనికి ఎట్లా చెప్పాలా అని మాటలు కూడా వెతుక్కుంది. తర్వాత మెల్లగా తన చెయ్యి విడిపించుకుని, "ఏం కాదులే అవ్వా" అని, అరికాలి మీది చిన్న రంధ్రాన్ని ఆకుముద్దతో అంచు దాకా పూసి కట్టు కట్టింది.

నాలుగో రోజు విప్పితే ముల్లు దిగిన గురుతే లేదు. తోలు నున్నగా మూసుకుంది. "పూర్తిగా మానింది" అని రాసి ఉడతను గీసింది. తొమ్మిదో రోజు చెంచులక్ష్మికి నోరు తెరుచుకోవడం లేదని కబురొచ్చింది. పదో రోజు ఆమె వీపు విల్లులా వంగింది. రాజరత్నం కాలు కోసి కడిగాడు, మందుకు కర్నూలుకు మనిషిని పంపాడు, మందు రాలేదు. పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం పోయింది. గుడిసె బయట ఎవరో తలుపు దడాలున వేస్తే ఆ చప్పుడుకు ఆమె ఒళ్ళంతా బిగుసుకోవడం, కళ్ళు మాత్రం తెలివిగా తిరుగుతూ పాప కోసం వెతకడం లీదియా చూసింది. చావు కూడా ఆ పేజీలోనే రాసింది. ఆ రోజునుంచి గోవిందమ్మ ఆకు తేవడం మానేసింది. అది ఎక్కడ దొరుకుతుందో అప్పటికే కనిపెట్టుకున్న రాజరత్నం మనుషులను పంపి తెప్పించుకున్నాడు. పరీక్ష ఆగలేదు. లీదియా కూడా ఆపలేదు. వారం రోజులు నవ్వలేదు, తర్వాత నవ్వు దానంతట అదే వచ్చింది. వయసు అట్లాంటిది. అత్తగారు కూడా అన్నది, ఆయుస్సు తీరితే మనమేం చేస్తామని.

బుధవారం పొద్దున వంట ముగించి ఎత్తి రాయడానికి కూర్చుంది. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా పెన్ను సాఫీగా నడిచింది. కొత్త కాగితం, నల్లటి గీతలు, తన దస్తూరీ, అంతా ముచ్చటగానే ఉంది. పంతొమ్మిది దగ్గర ఆగింది. మూడు రోజులు రాసింది. నాలుగో రోజు రాసింది. "పూర్తిగా మానింది." కింద సగం పేజీ ఖాళీ. ఆ ఖాళీని చూస్తుంటే కరపత్రం కళ్ళకు కట్టింది. ఎక్కడో ఒక ఊళ్ళో, ముల్లు దిగిన కాలితో ఒకామె వస్తుంది. కరపత్రం చదువుకున్న ఎవరో ఇంత ఆకు నూరి అంచు దాకా పూస్తారు. నాలుగో రోజు తోలు మూసుకుంటుంది, అందరూ సంతోషిస్తారు. కోసి కడగాలని ఎవరికీ తోచదు. కంప నరికేది ఆడవాళ్ళు, చెప్పుల్లేకుండా నడిచేది ఆడవాళ్ళు. ఎంతమందో ఎవరు చెప్పగలరు. ఆమె పెన్ను మూత పెట్టి, పాత నోటుబుక్కు కొంగులో చుట్టుకుని గొర్రెలదొడ్డికి నడిచింది.

గోవిందమ్మ దొడ్డి వాకిట్లో గొర్రెపిల్ల గిట్టలో ఇరుక్కున్న రాయి తీస్తోంది. తల ఎత్తకుండానే, "ఏంది, దోవ తప్పినావా" అంది. లీదియా మద్రాసు ఉత్తరం సంగతి చెప్పింది. ఆకు మంచిదని తేలింది అవ్వా, కుందేళ్ళకు కూడా పనిచేసింది అంది. కుందేళ్ళకు ఎయ్యక ముందు మంచిది కాదంటనా అని ముసలమ్మ గొర్రెపిల్లను వదిలేసింది. తర్వాత అడిగింది.

"నేను ఆ పొద్దు చెప్పింది రాసినావా?"

"రాసినా అవ్వా."

"యాడ? చదువు."

లీదియా పుస్తకం విప్పి చదివింది. ముల్లు దిగిన గాయానికి ఆకు వేయకూడదని గోవిందమ్మ అన్నది. ఆకుకు కోపం వస్తుందని ఆమె నమ్మకం. ముసలమ్మ దగ్గరకు వచ్చి పేజీలోకి తొంగి చూసింది. అక్షరాలు ఆమెకు రావు. అంచున ఉన్న బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇదేంది, ఉడతా?"

"ఊ."

"ఎందుకు గీసినావు?"

లీదియా ఆ బొమ్మను బొటనవేలితో మూసింది. గోవిందమ్మ మళ్ళీ అడగలేదు. రాతి మీద కూర్చుని, ఎటో చూస్తూ, "కోపమని మగోళ్ళకు చెప్పే మాట పాపా. ఊరికే వద్దంటే ఇనరు, బయపెడితే ఇంటారు. లోపల ముల్లుముక్క ఉంటది, మన్నుంటది. ఈ ఆకు పైతోలు బిరీన మూస్తది. లోపలిది యాడికి పోవాల? మొదట ఒక పొట్టేలు పోయినాది నాకు. ఎందుకు పోయినాదో తెలీలా. మళ్ళీ మా చెల్లెలికి ఏసినా. అదీ అట్లనే విల్లు మాదిరి వంగి పోయినాది. అప్పుడు తెలిసినాది" అంది.

"పేరు చెప్పనిది కూడా..." అంది లీదియా.

"పేరు తెలిస్తే ప్రతోడూ కోసుకపోతాడు. ప్రతి గాయానికీ పూస్తాడు. పసరు బలం యాడికీ పోదు. ఎయ్యగూడని చోటు తెలీనోని చేతికి పోకూడదని, చెల్లెలు పోయినాక మా అమ్మ ఆ కట్టడి పెట్టినాది. ఇప్పుడు మీ ఆయన దానికి దొరల పేరు పెట్టినాడంటగా. ఇంగ ఎవురాపుతారు?"

లీదియా అక్కడే, దొడ్డి గోడ మీద పుస్తకం ఆనించి, పంతొమ్మిదో పేజీ కింద మిగిలిన కాస్త చోటులో అడిగి రాసుకుంది. ఒక పొట్టేలు. చెల్లెలు, పేరు రంగనాయకమ్మ. రెండింటికీ ముల్లు గాయమే. ఇన్నాళ్ళూ పరీక్ష చేసింది తామే అనుకున్నారు. ఈమె పరీక్ష ఎప్పుడో అయిపోయింది. దాని ఫలితాన్ని తెచ్చి వసారా ఎక్కి మరీ చేతిలో పెట్టబోతే, తను నవ్వి విడిపించుకుంది.

ఇంటికొచ్చి, కొత్త పుస్తకంలో పంతొమ్మిదో పేజీ నింపింది. తొమ్మిదో రోజు, పదో రోజు, పదకొండో రోజు. గోవిందమ్మ మాట, మణికట్టు పట్టుకున్న సంగతి, చెల్లెలి సంగతి. మిగతా పాతిక పేజీలూ పొద్దు వాలేలోగా ముగించింది. ఒక్క ఉడతనూ ఎత్తి గీయలేదు.

పొద్దు గూకుతుండగా వడ్డించింది. రాజరత్నం ఉత్సాహంగా ఉన్నాడు. కరపత్రంలో తన పేరు కింద బి.ఏ. చదివిన భార్య ప్రోత్సాహం గురించి ఒక మాట వేయిస్తానన్నాడు. అన్నమ్మ, రేపు ఆఫీసరుకు కోడికూర చేయాలా, పులగం చేయాలా అని ఆరా తీసింది. అతను ఎడమచేత్తో కొత్త పుస్తకం తిప్పుతూ పంతొమ్మిది దగ్గర ఆగి చదివాడు. చివరిదాకా చదివాడు. ముద్ద పళ్ళెంలో వదిలేశాడు.

"ఇది చూస్తే ఆయన కరపత్రం వేయడు" అన్నాడు. "వ్యాసమూ వేయడు. ఇంకో ఏడాది చూడమంటాడు. మద్రాసు పోతుంది."

"తెలుసు" అంది లీదియా.

"నీకు మద్రాసు వద్దా?"

"కావాలి." నిజంగానే కావాలి. సముద్రం, గోడలోంచి వచ్చే నీళ్ళు, పేజీలు తిప్పే గాలి, అతని పక్కన ట్రాములో కూర్చోవడం, అన్నీ కావాలి. అతన్ని చూస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. వదిలేసేంత తేలిగ్గా ఏమీ లేదు.

అతను మెల్లగా, బతిమాలుతున్నట్టు, ఆ పేజీ ఒక్కటీ తీసేసి మళ్ళీ రాయమన్నాడు. అన్నమ్మ అంది, మొగుడికి పేరొస్తుంటే కాలడ్డం పెట్టే ఆడదాన్ని తను చూడలేదని. పోయింది మన బిడ్డేమీ కాదు గదా, కూలిది, దాని మొగుడే మరిచిపోయి మళ్ళీ పెండ్లి చేసుకున్నాడని. చేసుకున్న మాట నిజమే. ఆ పాప ఇప్పుడు సవతితల్లి వెంట కంపలోకి పోతోంది, చెప్పుల్లేకుండా. దొడ్డినుంచి వస్తూ దోవలో లీదియా చూసింది. పాప డాక్టరమ్మను గుర్తుపట్టి, నోట్లో గింజ ఏదీ లేకపోయినా, తుప్పున ఊసి చూపించింది.

"పేజీ తీయనండీ" అంది లీదియా. "మీరు చించితే చించండి, పాతది నా దగ్గరుంది."

"అందరి ముందూ నన్ను దోషిని చేస్తావా?"

అతని కళ్ళలో భయం చూసి ఆమెకు జాలేసింది. లేచి, అతని పళ్ళెం పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టింది. తన ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని, వాళ్ళిద్దరినీ చూస్తూ నిలబడింది.

"మిమ్మల్ని కాదు. బండి బ్రహ్మానికి చెప్పి వచ్చినాను, రేపు తెల్లారి ఎద్దులు కడతాడు. గిద్దలూరుకు నేను పోతాను. ఆఫీసరును ఆసుపత్రికి తీసుకురాను, ముందు గోవిందమ్మ అవ్వ దొడ్డికి తీసుకుపోతాను. ఏ గాయానికి ఆకు వేయకూడదో అవ్వ చెబుతుంది, ఆయన రాసుకుంటాడు. అక్కడినుంచి చెంచులక్ష్మి గుడిసెకు పోతాం. వద్దని అవ్వ చెయ్యి పట్టుకున్నా విడిపించుకుని ఆకు పెట్టింది నేనని, ఆ పాప ముందర నేనే చెబుతాను."